పాతబడిన బీరు: కాలమును, రుచియును

మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములవారికి కల్లు స్వభావము తెలియనిది కాదు. తెల్లవారుజామున తాటిచెట్టునుండి దించిన కల్లు తియ్యగా నుండును. మధ్యాహ్నమునకు పొంగి నురగ కట్టును. మరునాటికి నోట బెట్టరానంత పుల్లనగును. ఇట్టి పానీయము నెరిగినవారికి, బీరును నేలమాళిగలో పది పదునైదేండ్లు దాచి రుచి చూచువారు కలరనిన వింతగా తోచును. ఈ రెండింటికిని భేదమెక్కడ నున్నది?

కల్లులోని చక్కెరను ఈస్టు అను సూక్ష్మజీవి మద్యసారముగా మార్చును. పిమ్మట మరియొక జాతి సూక్ష్మజీవులు గాలి సాయమున ఆ మద్యసారమును ఆమ్లముగా మార్చును. కల్లులో మద్యసారము సాధారణముగా నూటికి 4, 5 పాళ్ళు మాత్రమే. కుండమూతి తెరచియుండును, ఎండవేడిమి తోడగును. కనుకనే అది నిలువదు.

బీరు సంగతి వేరు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీనుండి తీసిన రసములో హాప్ అను తీగయొక్క పువ్వులు వేసి మరిగింతురు. మరుగుటచే సూక్ష్మజీవులు నశించును. హాప్ చేదు, తరువాత చేరవచ్చు కొన్నిటిని అణచును. సీసామూత గాలిని చాలవరకు ఆపును. అయినను దుకాణములో దొరకు సాధారణమైన బీరు దాచుటకు తగదు. కొన్ని నెలలకే దానికి తడిసిన అట్టవాసన పట్టును. దాచదగినవి నూటికి 8 మొదలు 12 పాళ్ళవరకు మద్యసారము గల చిక్కని బీర్లు, కొన్ని పుల్లని బీర్లు.

ఆంగ్ల నవలాకారుడు థామస్ హార్డీ మరణించి నలుబదియేండ్లయిన సందర్భమున, 1968లో, డార్చెస్టరు నగరమందలి ఎల్డ్రిడ్జ్ పోప్ సంస్థ ఆయన పేర ఒక చిక్కని బీరు చేసినది. అది ఏండ్లకొలది దాచుటకై ఉద్దేశింపబడినదే. బెల్జియములో బ్రస్సెల్స్ పరిసరమున లాంబిక్ అను బీరును గాలిలోని ఈస్టులచేతనే పులియనిచ్చి, ఓకు పీపాలలో ఒకటి మొదలు మూడేండ్లు ఉంచుదురు. లేతదానిని, ముదురుదానిని కలిపి సీసాలకెత్తినచో అది గ్యూజ్ అగును.

ఏండ్లు గడచినకొలది హాప్ పరిమళము తగ్గును, చేదు మెత్తబడును. సీసాలోని కొద్దిపాటి ప్రాణవాయువు మెల్లమెల్లగా పనిచేయగా తేనె, ఎండుద్రాక్ష, ఖర్జూరములను తలపించు వాసనలు పుట్టును. ఈ మార్పు తెలియవలెనన్న ఒకే బీరును వేర్వేరు సంవత్సరములవి చిన్న గ్లాసులలో ప్రక్కప్రక్కన నుంచి, లేతదానినుండి పాతదానికి పోవలెను. ముందు వాసన, తరువాత ఒక గుటక. రుచి చూచుటకు గుటకలు చాలును. అంతకు మించినచో నాలుక మొద్దుబారి, రెండవ గ్లాసుకును మూడవ గ్లాసుకును భేదము తోచదు.

అయితే కాలము తనంతట తాను రుచినీయదు. రసాయన చర్యలు ప్రతి పది డిగ్రీల వేడిమికి సుమారు రెట్టింపు వేగమందునని స్థూలమైన లెక్క. పది డిగ్రీల చల్లని చీకటి మాళిగలో నాలుగేండ్లకు కలుగు మార్పు, ముప్పది డిగ్రీల గదిలో ఒక్క యేడాదికే కలుగవచ్చును. వేసవిలో నలుబది డిగ్రీలు దాటు మన ప్రాంతములో, మిద్దెక్రింది అలమరలో నుంచిన సీసా ముదురదు, చెడును. వెలుతురు తగిలినచో హాప్ పదార్థములు విరిగి దుర్వాసన గూడ పుట్టును.

ఈ విచారము మనకు క్రొత్త కాదు. ధాతకీపుష్పములు వేసి, మూతి బిగించిన భాండములలో పులియబెట్టు ఆసవములు పాతబడినకొలది గుణవంతములగునని శార్ఙ్గధరసంహిత చెప్పుచున్నది. అక్కడను బిగించిన మూతి, లోన తగినంత మద్యసారము ఉండుటచేతనే వయస్సు మేలు చేయుచున్నది.

కావున పాత సీసాకు ఎవరైనను పెద్ద వెల చెప్పినచో, ఎన్నేండ్లదని మాత్రమే అడుగరాదు. ఆ యేండ్లు అది ఎక్కడ నుండెనని గూడ అడుగవలెను. ఆ రెండవ ప్రశ్నకు సమాధానము లేని సీసాకు, వయస్సు ఎంతయున్నను వెల లేదు.