సాగర తీరాన గెలిచింది వేగం కాదు.. పొదుపు!

హైదరాబాద్: హుస్సేన్‌సాగర్ తీరాన 2023 ఫిబ్రవరి 11న జరిగిన ఫార్ములా-ఈ పోటీలో డీఎస్ పెన్‌స్కే జట్టు డ్రైవర్ జీన్ ఎరిక్ వెర్న్ విజేతగా నిలిచారు. ద్వితీయ స్థానం పొందిన నిక్ క్యాసిడీకి, ఆయనకు మధ్య తేడా అర సెకను కంటే తక్కువ. ఈ విద్యుత్ కార్ల ప్రపంచ చాంపియన్‌షిప్‌కు భారతదేశం వేదిక కావడం అదే ప్రథమం. ఆ సీజన్‌లో ఇది నాలుగో పోటీ.

వేగమే సర్వస్వం కాదు

లుంబినీ పార్కు, సచివాలయం, ఎన్టీఆర్ గార్డెన్ పరిసర రహదారులపై సుమారు 2.8 కిలోమీటర్ల ట్రాక్‌ను 18 మలుపులతో ఏర్పాటు చేశారు. ఈ కార్లు గంటకు 320 కిలోమీటర్ల వేగాన్ని అందుకోగలవు. అయితే 2023లో పోటీ మధ్యలో చార్జింగ్ ఉండేది కాదు. ఆద్యంతం పూర్తి వేగంతో నడిపితే గమ్యం చేరకముందే బ్యాటరీ నిండుకునేది.

బ్రేకు వేస్తే విద్యుత్తు

సైకిలు చక్రం తిరిగితే డైనమో దీపాన్ని వెలిగించినట్లే, డ్రైవర్ వేగం తగ్గించినప్పుడు కారులోని మోటార్లు జనరేటర్లుగా మారి విద్యుత్తును బ్యాటరీకి తిరిగి పంపుతాయి. పోటీలో వినియోగమయ్యే శక్తిలో కనీసం 40 శాతం ఈ విధంగానే సమకూరుతుంది. కనుక మలుపుల వద్ద ముందుగానే కాలు తీసి, శక్తిని ఆదా చేయడం డ్రైవర్‌కు అత్యవసర విద్య. చివరి ల్యాప్‌లలో క్యాసిడీ కంటే తక్కువ శక్తి మిగిలి ఉన్నప్పటికీ, వెర్న్ ఆయనకు దారి ఇవ్వకుండా ఆధిక్యాన్ని కాపాడుకోవడం విశేషం.

నిబంధన మీరితే దండన

మోటారు నుంచి ఏ క్షణంలోనైనా ఎంత విద్యుత్ సామర్థ్యం వాడవచ్చో కూడా నిబంధనలు నిర్దేశిస్తాయి. తృతీయ స్థానంలో గీత దాటిన సెబాస్టియన్ బ్యూమీ ఆ పరిమితిని మించినందుకు 17 సెకన్ల దండనకు గురయ్యారు. దీంతో ఆ స్థానం పోర్షె డ్రైవర్ ఆంటోనియో ఫెలిక్స్ డకోస్టాకు దక్కింది.

పాయింట్ల లెక్క

అగ్రస్థానం నుంచి పోటీని ఆరంభించిన జాగ్వార్ డ్రైవర్ మిచ్ ఇవాన్స్‌ను సొంత జట్టు సహచరుడు శామ్ బర్డ్ ఢీకొనడంతో ఇద్దరూ వైదొలగవలసి వచ్చింది. మరో ఘటనలో వెనుక నుంచి వచ్చిన కారు తగిలి జేక్ డెన్నిస్ సైతం రిక్తహస్తాలతో వెనుదిరిగారు. అయినప్పటికీ తదుపరి పోటీలలో పాయింట్లు కూడబెట్టి, 2023 జూలైలో లండన్‌లో చాంపియన్‌గా అవతరించింది డెన్నిసే కావడం గమనార్హం.

కాగా, 2024 ఫిబ్రవరి 10న హైదరాబాద్‌లో జరగవలసిన రెండో పోటీని నిర్వాహకులు రద్దు చేశారు.