ఎదురుచూసే కాలమూ శిక్షణే

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ అనగానే మనకు స్టూడియోలు, సినిమా తారలు గుర్తుకొస్తారు. కానీ ఆ స్టూడియోల్లో ఎంత రసాయన శాస్త్రం ఉందో ఎందరికి తెలుసు? రాజమహలు సెట్టుకు వాడే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ జిప్సంను వేడిచేయగా వచ్చినదే. నీళ్ళు కలిపితే వేడెక్కి, గట్టిపడి, తిరిగి జిప్సంగా మారుతుంది. పాటల్లో నేలమీద పాకే తెల్లని పొగకు పొడి మంచును గోరువెచ్చని నీటిలో వేస్తారు. పొడి మంచు అంటే ఘన కార్బన్ డయాక్సైడ్. కంటికి కనిపించే పొగ మాత్రం చల్లబడి సన్నని బిందువులైన నీటి ఆవిరే.

పక్కనే ఇన్ని వింతలున్నా సమీకరణాలను బట్టీపట్టి, సైన్సంటే భయపడి తప్పుకొనే పిల్లలు ఎందరో! అలాంటి బిడ్డకు మంచి ఉపాధ్యాయుడు దొరకడం దేవుని మేలు. మన సంఘ యువతీ యువకులు ఈ పిలుపును గూర్చి ప్రార్థనాపూర్వకంగా ఆలోచించాలి.

ఇందుకు దారి ఏమిటి? భౌతిక, రసాయన శాస్త్రాలతో బి.ఎస్సీ. పూర్తిచేసి, ఎడ్‌సెట్ రాసి బి.ఎడ్.లో చేరాలి. 2015 నుంచి అది రెండేళ్ళ కోర్సు అయింది. అందులో 20 వారాలు బడిలోనే గడపాలి. తరువాత 150 మార్కుల టెట్. జనరల్ వారికి 90, బి.సి.లకు 75, ఎస్.సి., ఎస్.టి.లకు 60 రావాలి. 2021లో చేసిన మార్పుతో ఈ అర్హత జీవితాంతం చెల్లుతుంది. ఆపైన డీఎస్సీ. తెలంగాణలో 2024 డీఎస్సీలో రాతపరీక్షకు 80, టెట్‌కు 20 మార్కుల లెక్కన ఎంపిక జరిగింది. ఒక్క మాట గుర్తుంచుకోండి: ప్రభుత్వ హైస్కూల్లో కెమిస్ట్రీకి విడిగా పోస్టు లేదు. ఫిజికల్ సైన్స్ ఉపాధ్యాయుడు రెండూ చెప్పాలి. కనుక విద్యుత్తు, కాంతి పాఠాలను వదిలేయకండి.

అసలు పరీక్ష ఓర్పుకే. తెలంగాణలో 2017 తరువాత 2023లో గాని నియామక ప్రకటన రాలేదు. దానిని రద్దుచేసి 2024లో 11,062 పోస్టులతో మళ్ళీ ఇచ్చారు. ఇన్నేళ్ళు ఎదురుచూసి నిరాశపడి, చదివిన చదువునే మరచినవారున్నారు. తల్లిదండ్రులారా, అలాంటి బిడ్డను “ఇంకా ఉద్యోగం రాలేదా?” అని పదిమందిలో అడగకండి.

యువతా, ఆ కాలాన్ని వృథా చేయకండి. సాయంత్రం చర్చి హాలులో నలుగురు పిల్లలను కూర్చోబెట్టండి. పసుపు మరకపై సబ్బు రుద్ది అది ఎర్రబడటం చూపండి. “ఎందుకు?” అని వారినే అడగనివ్వండి. మీకు జవాబు తోచని చోటే మీ చదువులోని లోటు బయటపడుతుంది. ఏ కోచింగ్ సెంటరూ అంత స్పష్టంగా చూపలేదు.

బోధించేవారికి తీర్పు మరింత కఠినమని యాకోబు తన పత్రిక మూడవ అధ్యాయంలో హెచ్చరించాడు. సర్టిఫికెట్టు మనకు అర్హతనిస్తుంది. బోధకునిగా మలచేది మాత్రం మన యెదుట కూర్చున్న బిడ్డయే. ఉత్తర్వు వచ్చేవరకు ఆగనక్కరలేదు. ఈ వారమే మొదలుపెట్టండి. ప్రభువు మీకు తోడైయుండును గాక!