పిడికెడు బియ్యం మోసిన గుడి

విజయవాడ నుంచి కాజీపేట వెళ్లే రైలు డోర్నకల్‌లో ఆగితే చాలామందికి గుర్తొచ్చేది కొత్తగూడెం వైపు చీలే లైనే. ఊళ్లో చూడాల్సింది మాత్రం గుమ్మటాలు, మినార్లు, దేవాలయ మండపాన్ని తలపించే స్తంభాలు కలగలిసిన పెద్ద చర్చి. 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన ఎపిఫనీ కెథడ్రల్ అది. కట్టించిన వి.ఎస్. అజరయ్య తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. 1909లో ఇక్కడికొచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912లో ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్ అయ్యారు. ఆయన గురించి పుస్తకాలున్నాయి. చుట్టుపక్కల పల్లెల్లో సంఘాలను నిలబెట్టిన రైతు ఇల్లాళ్ల గురించి రాసినవాళ్లు తక్కువ.

అజరయ్య కాలం నుంచీ ఇక్కడొక అలవాటుంది. అన్నం వండే ముందు ఎసట్లో పోయాల్సిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి, దేవుడి పేర వేరే కుండలో వేస్తారు. వారం తిరిగేసరికి ఆ కుండ గుడికి చేరుతుంది. రూపాయి కంటబడని ఇళ్లలో కూడా పాదిరిగారి జీతానికి, బడికి, గుడి మరమ్మతుకు ఆ బియ్యం అక్కరకొచ్చింది. తీసింది ఇంటిల్లిపాది వాటాలోంచే అయినా, ఆ పూట తగ్గింది ఎవరి కంచంలోనో వేరే చెప్పాలా? అందరికీ పెట్టాక గిన్నెలో మిగిలిందే తినేది ఆ తల్లే.

మిర్చి కాలంలో ఆమె రోజు చూడాలి. జనవరి మొదలు ఎండలు ముదిరేదాకా ఏరుడే. తెల్లవారకముందే వాకిలి ఊడ్చి, వంట చేసి, పిల్లల్ని బడికి తయారుచేసి, సద్ది కట్టుకొని చేనుకు పోతుంది. పొద్దు వాలేదాకా నడుం వంచి కాయ కోసి, కల్లంలో ఆరబోసి, ఎర్రకాయలోంచి తాలుకాయ వేరుచేస్తుంది. సాయంత్రానికి వేళ్లు భగ్గున మండుతుంటాయి. నూనె రాసినా చల్లారవు. ఏడుస్తూ ఎదురొచ్చిన చంటిదాని కళ్లు ఆ చేత్తో తుడవలేక మోచేత్తో తుడుస్తుంది. కాయ ఖమ్మం మార్కెట్‌కు వెళ్లాక ధర మాట్లాడేది, డబ్బు లెక్కపెట్టుకునేది ఎక్కువగా మగవాళ్లే.

ఆ చేను కౌలుదైతే పాసుపుస్తకం ఆసామి పేర ఉంటుంది. 2018లో మొదలైన రైతుబంధు సాయం పట్టాదారుకే అందింది, కౌలుదారుకు రాలేదు. ఇంకో దెబ్బ కూడా ఉంది. ఈ సంఘాల్లో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాల వారు. క్రైస్తవం తీసుకున్నవారికి 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదా లేకుండా చేసింది. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ హోదా ఇచ్చారు. వీళ్లను మాత్రం బీసీ-సీలో ఉంచారు. వాడ మారలేదు, కూలి మారలేదు, కాగితం మీద కులం మారింది. ఇది అన్యాయమే.

ఇంత బరువు మోస్తున్న మనిషి ఆదివారం తెల్లచీర కట్టుకొని, పాటల పుస్తకం చేతిలో పట్టుకొని గుడికొస్తే పండగే. ‘వందనాలమ్మా’ అంటే ‘వందనాలు’ అని పలకరింపులు. వారమంతా కూలి లెక్కల్లో ఒక అంకెగా ఉన్నామె ఇక్కడ లేచి నిలబడి, పదిమంది వినేలా ప్రార్థన చేస్తుంది. బడి ముఖం చూడని తల్లులు బైబిలు కోసమే అక్షరాలు కూడబలుక్కొని నేర్చుకున్నారు. స్త్రీల మైత్రి కూటమిలో ఎవరింట్లో జబ్బుందో, ఎవరి బిడ్డ పెళ్లికి ఇబ్బందో తెలుస్తుంది. అక్కడికక్కడే తలా ఇంత వేసుకుంటారు. చేతిలో డబ్బు లేనివాళ్లు ఒక పూట వంటచేసి ఇస్తారు.

ఇక కోత పండుగ! తొలి వరి పన, గుమ్మడికాయ, కోడిపెట్ట, మిర్చి, గుడ్లు అన్నీ బలిపీఠం ముందుకొస్తాయి. ఆరాధన కాగానే వేలం. గుడ్డు బజారు ధరను దాటి ఎక్కడికో పోతుంది. పాడినవాడే మళ్లీ గుడికిస్తాడు, మళ్లీ పాట మొదలవుతుంది. ఆ గుడ్డు పెట్టిన కోడిని పెంచినామె వెనక వరసలో కూర్చొని మురిసిపోతుంది.

2013లో నంద్యాల అధ్యక్ష మండలానికి ఇ. పుష్పలలిత బిషప్ అయ్యారు. ఈ పల్లె గుళ్లు కూడా చెందిన దక్షిణ ఇండియా సంఘంలో ఆ పదవికి వచ్చిన తొలి మహిళ ఆమె. అంత ఎత్తున ఆ తలుపు తెరిచిన సంఘంలో, పల్లె గుడి కమిటీ కూర్చున్నప్పుడు పిడికెడు బియ్యం కుండ తెచ్చినామెకూ అక్కడ కుర్చీ వేయాలి. వేలం డబ్బు గుడి రంగుకా, పిల్లల ఫీజుకా అన్నది ఆమెనూ అడిగే తేల్చాలి.