చిన్న కేసే... కానీ పెద్ద చిక్కు!

అమెరికాలో నేరాలు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి మిస్‌డిమీనర్, రెండోది ఫెలనీ. మొదటిది చిన్నది, రెండోది పెద్దది. అంతే కదా అనుకుంటే పొరపాటే. వీసా మీద వెళ్లినవాళ్లకు ఆ చిన్న కేసు వెనకే అసలు ప్రమాదం పొంచి ఉంటుంది. పిల్లల్ని అమెరికా పంపిన, పంపాలనుకుంటున్న ప్రతి కుటుంబమూ తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

పెద్ద సూపర్‌మార్కెట్. బిల్లు వేసే మనిషి ఉండడు. ఎవరి సరుకులు వాళ్లే స్కాన్ చేసుకుని, కార్డు గీకి వెళ్లిపోవచ్చు. పది వస్తువుల్లో రెండింటిని స్కాన్ చేయకుండా సంచిలో వేసుకుంటే ఎవరు చూస్తారులే అనిపిస్తుంది. కెమెరా చూస్తుంది! తలుపు దాటగానే సిబ్బంది ఆపుతారు, పోలీసులొస్తారు. 'రెట్టింపు డబ్బు కట్టేస్తాం, వదిలేయండి' అంటే ఒప్పుకోకపోవచ్చు. చేతికి బేడీలు పడొచ్చు.

మన దగ్గర 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ప్రకారం, 5 వేల రూపాయల లోపు విలువైన వస్తువును మొదటిసారి దొంగిలించి, తిరిగి ఇచ్చేస్తే శిక్ష సామాజిక సేవ మాత్రమే. అదే ధీమాతో అమెరికా చట్టాన్ని చూస్తే కష్టం. ఇక్కడ ఎవరిమీదైనా కేసు పెట్టారనగానే 'బెయిలబులా, నాన్‌బెయిలబులా?' అని అడుగుతాం. అక్కడ అడిగే ప్రశ్న వేరు. 'మిస్‌డిమీనరా, ఫెలనీయా?'

ఏడాదే కొలబద్ద

రెంటికీ మధ్య గీత ఎక్కడుంది? అమెరికా ఫెడరల్ చట్టం దాన్ని ఏడాది దగ్గర గీసింది. నేరానికి ఏడాదికి మించి జైలుశిక్ష పడే వీలుంటే అది ఫెలనీ. ఏడాది, అంతకన్నా తక్కువైతే మిస్‌డిమీనర్. అయిదు రోజులు మించని శిక్ష, లేదా అసలు జైలే లేనివి ఇన్‌ఫ్రాక్షన్లు. ఇందులో ఓ మెలిక ఉంది. జడ్జి చివరికి ఎంత శిక్ష వేశారన్నది కాదు లెక్క, చట్టం గరిష్ఠంగా ఎంత వేయొచ్చంటోందన్నదే లెక్క. ఒక్కరోజు కూడా జైల్లో ఉండకపోయినా ఫెలనీ ఫెలనీయే.

మనం అన్నింటినీ జైలే అంటాం కానీ, అక్కడ అవీ రెండు రకాలు. మిస్‌డిమీనర్ కేసుల్లో శిక్ష పడినవారిని సాధారణంగా స్థానిక కౌంటీ జైల్లో ఉంచుతారు. ఫెలనీ అయితే చాలావరకూ రాష్ట్ర, ఫెడరల్ కారాగారాలకు పంపుతారు. హత్య, దోపిడీ, మాదకద్రవ్యాల వ్యాపారం లాంటివి ఫెలనీలు. చిల్లర దొంగతనం, అనుమతి లేకుండా పరుల స్థలంలోకి వెళ్లడం వంటివి ఎక్కువగా మిస్‌డిమీనర్లు. ఫెలనీ రుజువైతే శిక్ష పూర్తయ్యాక కూడా దాని నీడ వెంటాడుతుంది. తుపాకీ కలిగి ఉండటం ఫెడరల్ నేరమవుతుంది. చాలా రాష్ట్రాల్లో కొంతకాలమైనా ఓటుహక్కు పోతుంది. మెయిన్, వెర్మాంట్ లాంటి చోట్ల మాత్రం జైల్లో ఉన్నవాళ్లూ ఓటేయొచ్చు.

ఈ విభజన పుట్టిల్లు ఇంగ్లాండు. ఒకప్పుడు అక్కడ ఫెలనీ చేసినవాడి ఆస్తిపాస్తులు పోయేవి, చాలా కేసుల్లో ప్రాణమూ పోయేది. విచిత్రమేమిటంటే, ఇంగ్లాండు ఈ తేడాను 1967లోనే రద్దు చేసింది. దాన్ని అరువు తెచ్చుకున్న అమెరికా మాత్రం ఇప్పటికీ వదల్లేదు.

రాష్ట్రానికో లెక్క

అమెరికాలో ఎక్కువ నేరాలు రాష్ట్రాల చట్టాల కిందికే వస్తాయి. కాబట్టి ఒకేపని ఒకచోట చిన్న నేరం, మరోచోట పెద్ద నేరం. షాపులో వెయ్యి డాలర్ల ఫోన్ దొంగిలించారనుకుందాం. టెక్సాస్‌లో అది క్లాస్-ఎ మిస్‌డిమీనర్. అక్కడ 2,500 డాలర్లు దాటితేనే ఫెలనీ. ఇల్లినాయిలో 300 డాలర్లు దాటితే చాలు, ఫెలనీ. కాలిఫోర్నియాలో గీత 950 డాలర్లు. అది దాటితే మిస్‌డిమీనర్‌గానూ పెట్టొచ్చు, ఫెలనీగానూ పెట్టొచ్చు. ఇలా అటూ ఇటూ ఊగే కేసులకు అక్కడి లాయర్లు 'వాబ్లర్' అని ముద్దుపేరు పెట్టారు. న్యూజెర్సీలో అయితే ఈ రెండు పేర్లూ ఉండవు. షాపులో దొంగతనం 200 డాలర్ల లోపైతే 'డిజార్డర్లీ పర్సన్స్' నేరం, ఆపైన అసలు సిసలు క్రైమ్. వెయ్యి డాలర్ల ఫోనుకు మూడు నుంచి అయిదేళ్ల దాకా శిక్ష పడే వీలుంది.

తాగి కారు నడిపినా అంతే. న్యూయార్క్‌లో మొదటిసారి దొరికితే సాధారణంగా మిస్‌డిమీనర్. పదేళ్లలో రెండోసారి దొరికితే ఫెలనీ. కార్లో 15 ఏళ్లు, అంతకన్నా తక్కువ వయసు పిల్లలుంటే మొదటిసారే ఫెలనీ! 2009లో తెచ్చిన చట్టమిది.

ఒక్కరోజు విలువ

ఇదంతా అమెరికా పౌరుల కథ. వీసా మీదో, గ్రీన్‌కార్డు మీదో ఉన్నవాళ్లకు క్రిమినల్ కోర్టు తర్వాత మరో గండం ఉంది. అదే ఇమిగ్రేషన్ చట్టం. దాని నిఘంటువు పూర్తిగా వేరు.

దేశం నుంచి పంపించేయదగ్గ ఘోరమైన నేరాలకు 1988లో ఆ చట్టం 'అగ్రవేటెడ్ ఫెలనీ' అని పేరు పెట్టింది. అప్పట్లో హత్య, మాదకద్రవ్యాలు, ఆయుధాల అక్రమ రవాణా మాత్రమే అందులో ఉండేవి. 1996లో జాబితా చాంతాడంత అయింది. దొంగతనం కేసులో ఏడాది శిక్ష పడితే అదీ అందులో చేరిపోయింది. ఆ ఏడాదీ జైల్లో గడపనక్కర్లేదు, శిక్షను సస్పెండ్ చేసి ఇంటికి పంపినా ఏడాది కిందే లెక్క. అంటే, రాష్ట్రం దృష్టిలో మిస్‌డిమీనర్ అయిన కేసు ఇమిగ్రేషన్ దృష్టిలో ఫెలనీ... అదీ అగ్రవేటెడ్!

రెండో ఉచ్చు 'నైతిక పతనం'తో కూడిన నేరాలు. దొంగతనం, మోసం సాధారణంగా ఈ కోవలోకి వస్తాయి. అమెరికాలో అడుగుపెట్టిన అయిదేళ్లలోపు అలాంటి నేరం చేసి, దానికి ఏడాది శిక్ష పడే అవకాశమున్నా చాలు, దేశం నుంచి పంపేయొచ్చు. మిస్‌డిమీనర్‌కు గరిష్ఠశిక్ష చాలాచోట్ల సరిగ్గా ఏడాదే. తిరకాసంతా అక్కడే. అందుకే వాషింగ్టన్ రాష్ట్రం 2011లో, కాలిఫోర్నియా 2015 నుంచి, న్యూయార్క్ 2019లో ఆ గరిష్ఠ శిక్షను 364 రోజులకు కుదించాయి. ఒక్కరోజు తగ్గింపు... ఎన్నో కుటుంబాలు చెల్లాచెదురు కాకుండా ఆపగల తగ్గింపు.

అలాగని ప్రతి చిన్న కేసుతోనూ కొంప మునగదు. ఒకే ఒక్క చిన్న నేరమై, దాని గరిష్ఠశిక్ష ఏడాది మించక, వేసిన శిక్ష ఆరు నెలలు దాటకపోతే, తిరిగి దేశంలోకి ప్రవేశించే విషయంలో చట్టం కొంత మినహాయింపు ఇస్తుంది. కాబట్టి ఏ సెక్షన్ కింద, ఎన్ని రోజుల శిక్షకు ఒప్పుకొన్నారన్నదే కీలకం.

సంతకానికి ముందు...

అమెరికాలో చాలా కేసులు విచారణ దాకా వెళ్లవు. 'నేరం ఒప్పుకుంటే జరిమానాతో సరిపెడతాం' అంటారు ప్రాసిక్యూటర్లు. పీడ విరగడైందని సంతకం పెట్టేస్తే, ఆ సంతకమే తర్వాత మెడకు చుట్టుకుంటుంది. కొంతకాలం బుద్ధిగా ఉంటే కేసు కొట్టేస్తామని రాష్ట్ర కోర్టు చెప్పినా, నేరం ఒప్పుకొని, ఏ ప్రొబేషనో వేయించుకుని ఉంటే ఇమిగ్రేషన్ చట్టం దాన్ని శిక్ష పడిన కేసుగానే చూస్తుంది. వీసా దరఖాస్తులోనైతే 'ఎప్పుడైనా అరెస్టయ్యారా?' అనే అడుగుతారు. దాచిపెడితే అది మరో తప్పు. దాడి, దొంగతనం లాంటివి చేస్తే వీసా రద్దు కావొచ్చని భారత్‌లోని అమెరికా రాయబార కార్యాలయం 2025 జులైలో బహిరంగంగానే హెచ్చరించింది. తాగి నడిపి అరెస్టయితే చాలు, కోర్టు తీర్పుతో పనిలేకుండానే వీసా రద్దుచేసే అధికారమూ అక్కడి విదేశాంగ శాఖకు ఉంది.

అసలు నేరమే మోపకుండా నిర్బంధించిన సందర్భమూ తెలుగువాళ్లకు గుర్తుండే ఉంటుంది. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ నకిలీ యూనివర్సిటీ వ్యవహారంలో దాదాపు 130 మంది విద్యార్థులను అదుపులోకి తీసుకున్నారు. ఎక్కువమంది తెలుగువాళ్లే. విద్యార్థులను చేర్పించారంటూ ఎనిమిది మందిపై క్రిమినల్ కేసులు పెట్టారు. విద్యార్థుల మీద పెట్టినవి మాత్రం క్రిమినల్ కేసులు కావు, ఇమిగ్రేషన్ ఉల్లంఘన కేసులు. అయినా నిర్బంధం తప్పలేదు.

కేసు పడితే ఏం చేయాలి?

* మౌనంగా ఉండే హక్కు విదేశీయులకూ ఉంది. లాయరు వచ్చేదాకా వివరణలు ఇవ్వకపోవడమే మేలు. అబద్ధాలు అసలే వద్దు.

* లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే ఫెలనీ కేసుల్లో ప్రభుత్వమే లాయరును ఇవ్వాలని అమెరికా సుప్రీంకోర్టు 1963లో చెప్పింది. జైలుశిక్ష వేసే చిన్న కేసులకూ ఆ హక్కును 1972లో విస్తరించింది. ఇమిగ్రేషన్ కోర్టులో మాత్రం సొంత ఖర్చే.

* నేరం ఒప్పుకుంటే దేశం వదలాల్సి వచ్చే ప్రమాదముందా అన్నది క్లయింటుకు చెప్పడం క్రిమినల్ లాయరు బాధ్యతని 2010లో పడియా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అడిగి తెలుసుకోవాలి. ఇమిగ్రేషన్ లాయరుకూ కాగితాలు చూపించాకే సంతకం పెట్టాలి.

* భారత కాన్సులేట్‌కు కబురు చేయమని అడిగే హక్కు అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం ఉంది.

* కోర్టు వాయిదా తప్పకూడదు. తప్పితే వారెంటు వస్తుంది. కేసు తేలకముందే లాయరును అడక్కుండా ఇండియా విమానం ఎక్కకూడదు.

* కేసు ముగిశాక కోర్టు నుంచి తీర్పు ప్రతులు తీసుకుని భద్రపరచుకోవాలి. పదేళ్ల తర్వాతైనా వాటితో అవసరం పడొచ్చు.

సూట్‌కేసులో పచ్చళ్లు, పొడులు సర్దేటప్పుడు పిల్లలకు జాగ్రత్తలు చెప్పని తల్లిదండ్రులుండరు. ఆ జాబితాలో ఇంకొక్క మాట చేర్చాలి. 'ఏదైనా జరిగితే భయపడి దాచొద్దు. ముందు లాయరుతో మాట్లాడు, తర్వాత మాకు ఫోన్ చెయ్యి. చిన్న కేసేగా అని మాత్రం ఎక్కడా సంతకం పెట్టకు.'