ఇందిరమ్మ ఇల్లు: ముగ్గు నుంచి ఆఖరి బిల్లు దాకా పంచాయతీలో ఎవరు ఏం చూడాలి?

ఇల్లు మంజూరైంది. పాత రేకుల ఇల్లు తీసేశారు. సామాను పక్కింటి వసారాలో పెట్టుకున్నారు. అప్పో సప్పో చేసి బేస్‌మెంట్ లేపారు. మేస్త్రీకి సగం కూలి బాకీ, సిమెంటు దుకాణంలో ఉద్దెర ఖాతా. బిల్లు మాత్రం పడలేదు. పంచాయతీ కార్యదర్శిని అడిగితే "నేను ఫొటో ఎక్కించిన, ఏఈ దగ్గర ఉంది" అంటారు. ఏఈని అడిగితే "నాకు కనబడ్తలేదు" అంటారు. మధ్యలో వారాలు గడిచిపోతాయి, వానాకాలం దగ్గర పడుతుంది.

ఇలాంటి మాట చాలా ఊళ్లలో వినబడుతోంది. అందుకే ఈ పీడీఎఫ్‌లో అర్హతల సంగతి ఎక్కువ చెప్పడం లేదు. అది ఇప్పటికే అందరూ చెప్పారు. ఇల్లు కడుతున్నప్పుడు ఎవరు వచ్చి ఏం చూడాలి, ఫైలు ఎక్కడ ఆగిందో ఎలా కనుక్కోవాలి, ఊరి వాళ్లుగా మనం ఏం అడగొచ్చు అన్నదే ఇక్కడి విషయం.

ముందు నాలుగు ముక్కలు

ఇందిరమ్మ ఇళ్ల పథకాన్ని తెలంగాణ ప్రభుత్వం 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలుపెట్టింది. సొంత జాగా ఉన్నవారికి ఇల్లు కట్టుకోవడానికి 5 లక్షల రూపాయలు ఇస్తారు. ఇల్లు ఇంటి ఆడవాళ్ల పేరు మీద మంజూరవుతుంది. మొదటి విడతలో నియోజకవర్గానికి 3,500 చొప్పున, రాష్ట్రమంతా కలిపి సుమారు 4.5 లక్షల ఇళ్లు అని ప్రకటించారు.

ఒక్క విషయం గమనించండి. హైదరాబాద్ పక్కన కొల్లూరులో 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు ఒకే చోట కట్టి 2023 జూన్‌లో ప్రారంభించారు. అక్కడ పని చేయించింది నగరపాలక సంస్థ, కట్టింది కాంట్రాక్టర్. ఇంజినీర్లు ఆ ఒక్క చోట తిరిగితే పని కనబడుతుంది. ఇందిరమ్మ ఇళ్లు అట్లా కాదు. ఇక్కడ కట్టించేది ఇంటివాళ్లే. 12 వేలకు పైగా పంచాయతీల్లో గల్లీకో ఇల్లు లేస్తోంది. ఇన్ని ఇళ్లను హైదరాబాద్‌లో కూర్చుని ఎవరూ చూడలేరు. అందుకే మొదటి చూపు పంచాయతీదే. అక్కడ ఆలస్యమైతే పైన ఎంత వేగం ఉన్నా లాభం లేదు.

ఇంత తనిఖీ ఎందుకు?

"మా ఇంటికి మేము ఫొటో దిగుడేంది?" అని చిరాకు పడేవాళ్లు ఉన్నారు. దాని వెనుక ఒక కథ ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2006లో ఇదే ఇందిరమ్మ పేరుతో పెద్ద ఇళ్ల కార్యక్రమం నడిచింది. కట్టని ఇళ్లకు బిల్లులు లేపారని, ఒకే ఇంటిని రెండుసార్లు చూపించారని ఆరోపణలొచ్చాయి. 2014లో తెలంగాణ ప్రభుత్వం వాటిపై సీఐడీ విచారణకు ఆదేశించింది. కాగితం మీద సంతకం చాలదు, ఇల్లు ఉన్న చోటు కూడా ఫోన్‌లో నమోదు కావాలి అన్న పద్ధతి ఈసారి గట్టిగా పెట్టడానికి ఆ అనుభవం కూడా ఒక కారణమే అనుకోవాలి.

ఫొటోలో ఏముంటుంది?

2024 డిసెంబరులో సర్వే చేసినప్పుడు కార్యదర్శి మీ జాగా దగ్గర నిలబెట్టి యాప్‌లో ఫొటో తీసుకున్నారు గదా. ఆ ఫొటోతో పాటు ఆ చోటు గుర్తులు కూడా నమోదయ్యాయి. తర్వాత ముగ్గు పోసినప్పుడు, బేస్‌మెంట్ అయినప్పుడు, గోడలు లేచినప్పుడు, స్లాబ్ పోసినప్పుడు, ఇల్లు పూర్తయినప్పుడు ఎప్పటికప్పుడు ఫొటో ఎక్కించాలి. ఈ పని గ్రామాల్లో పంచాయతీ కార్యదర్శిది, పట్టణాల్లో వార్డు అధికారిది.

చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు. సర్వేలో చూపించిన జాగా ఒకటి, ముగ్గు పోసింది ఇంకోటి అయితే యాప్‌లో లెక్క కుదరదు. అన్నదమ్ముల పంపకం మారిందనో, వాస్తు బాగా లేదనో జాగా మార్చుకుంటారు. మార్చక తప్పదంటే ముగ్గు పోయకముందే కార్యదర్శికి చెప్పి రాతపూర్వకంగా అడగండి. బేస్‌మెంట్ అయ్యాక చెప్తే బతిమాలుకోవడమే మిగులుతుంది.

రెండో చిక్కు కొలత. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు ఉంటే సరిగ్గా 600. గజాల్లో చెప్పాలంటే 66 గజాల పైచిలుకు. "ఎట్లాగూ కడుతున్నం, ఇంకో అర్ర వేద్దాం" అని మేస్త్రీ సలహా ఇస్తాడు. ఆయన బిల్లు ఇప్పించడు కదా. ముగ్గు పోసే రోజే ఏఈతోనో కార్యదర్శితోనో టేపు పట్టించి, ఆ కొలతను ఒక కాగితం మీద రాయించుకుని దగ్గర పెట్టుకోండి. గోడ మందం లెక్కలోకి వస్తుందా, మెట్లు వస్తాయా అన్నవి కూడా ఆ రోజే అడగాలి.

బిల్లు ఏ దారిన వస్తుంది?

కార్యదర్శి ఫొటో ఎక్కించిన తర్వాత హౌసింగ్ ఏఈ వచ్చి చూడాలి. పని ఆ దశకు నిజంగా చేరిందా, కొలత హద్దులో ఉందా అన్నది ఆయన తేల్చాలి. ఆ పైన డీఈ, జిల్లా హౌసింగ్ అధికారులు చూసి ఆమోదిస్తే డబ్బు నేరుగా ఖాతాలో పడుతుంది. బేస్‌మెంట్ అయ్యాక మొదటి విడత లక్ష. మిగతా 4 లక్షలు గోడలు, స్లాబ్, ఇల్లు పూర్తి అనే మూడు దశల్లో వస్తాయి. ప్రతి సోమవారం బిల్లులు వేస్తామని ప్రభుత్వం చెప్పింది. కాబట్టి మీ ఫొటో గురువారం ఎక్కి, ఏఈ ఇంకా చూడకపోతే ఆ సోమవారం పడలేదని కంగారు పడకండి. రెండు మూడు సోమవారాలు దాటితే మాత్రం ఊరుకోవద్దు.

అడిగేటప్పుడు "బిల్లు ఎప్పుడొస్తది సార్?" అని అడిగితే "వస్తది" అనే జవాబే వస్తుంది. ఇట్లా అడగండి: "నా ఫొటో ఏ తారీఖున ఎక్కింది? ఇప్పుడు ఎవరి లాగిన్‌లో ఉంది?" యాప్‌లో ఫైలు ఎవరో ఒకరి లాగిన్‌లోనే ఆగి ఉంటుంది. ఆ పేరు తెలిస్తే సగం పని అయినట్టే.

అందరూ ఆమోదించినా డబ్బు కనబడలేదంటే బ్యాంకు చూసుకోండి. చెల్లింపు ఆధార్ ఆధారంగా జరుగుతుంది. మీరు దరఖాస్తులో ఏ ఖాతా రాశారన్నది కాదు, ఆధార్‌కు ఆఖరున ఏ ఖాతా లింకు అయిందో దాంట్లో పడుతుంది. గ్యాస్ సబ్సిడీ కోసమో, సంఘం లోను కోసమో ఎప్పుడో తెరిచి మరిచిపోయిన ఖాతాలో డబ్బు పడి ఉండొచ్చు. బ్యాంకుకు పోయి "నా ఆధార్‌కు ఏ ఖాతా లింకు ఉంది?" అని అడిగితే చెప్తారు.

ఇందిరమ్మ కమిటీ, సర్పంచ్ పని ఏంటి?

ప్రతి పంచాయతీకి ఒక ఇందిరమ్మ కమిటీ ఉంది. 2024 అక్టోబరులో ఉత్తర్వులిచ్చి వేశారు. అధ్యక్షుడు సర్పంచ్, కన్వీనర్ పంచాయతీ కార్యదర్శి. సభ్యుల్లో ఇద్దరు మహిళా సంఘాల వాళ్లు, ముగ్గురు ఊరివాళ్లు. ఆ ముగ్గురిలో ఒక బీసీ, ఒక ఎస్సీ లేదా ఎస్టీ ఉండాలి. అప్పుడు సర్పంచులు లేరు, ప్రత్యేకాధికారులే ఉన్నారు. 2025 డిసెంబరులో పంచాయతీ ఎన్నికలయ్యాయి కాబట్టి ఇప్పుడు మీరు ఓటేసిన మనిషి ఆ కుర్చీలో ఉన్నారు.

కమిటీ అంటే పేర్లు రాసే కమిటీ అనే చాలామంది అనుకుంటున్నారు. పథకం ఎట్లా నడుస్తుందో చూడడం, సామాజిక తనిఖీకి సాయపడడం కూడా దాని పనే. ఫొటో, కొలత, ఆమోదం అధికారుల పని. కమిటీ సభ్యులు "మేము చెప్తేనే బిల్లు పడ్తది" అంటే నమ్మొద్దు. ఎవరైనా డబ్బు అడిగితే అవినీతి నిరోధక శాఖ నంబరు 1064కు ఫోన్ చేయండి, అది ఉచితం. నిజం చెప్పాలంటే కేసు కన్నా ముందు చాలామందికి ఉండే భయం "తర్వాతి బిల్లు ఆపుతారేమో" అన్నది. ఆ భయం తగ్గాలంటే ఒక్కరే పోకుండా, ఊళ్లో ఇళ్లు కట్టుకుంటున్న నలుగురైదుగురు ఆడవాళ్లు కలిసి పోవాలి. సంఘం మీటింగులో ఈ మాట ముందు పెట్టండి.

గ్రామసభలో ఏం అడగాలి?

2018 పంచాయతీ రాజ్ చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలి. 2025 జనవరిలో పేర్ల జాబితాలు చదివినప్పుడు సభలు నిండిపోయాయి, కొన్ని చోట్ల గొడవలూ అయ్యాయి. తర్వాత చాలా ఊళ్లలో ఎవరూ పోవడం లేదు. నిజానికి ఇప్పుడే పోవాలి. మన ఊరికి ఎన్ని ఇళ్లు మంజూరయ్యాయి, ఎన్ని ముగ్గు దగ్గరే ఆగాయి, ఎన్ని బేస్‌మెంట్ దాటాయి, ఒక్కో ఇంటికి ఆఖరి ఫొటో ఎప్పుడు ఎక్కింది అని చదివి వినిపించమనండి. ముగ్గు దగ్గర ఆగినవాళ్లలో పెట్టుబడి లేక ఆగినవాళ్లే ఎక్కువ కనబడతారు. మొదటి లక్ష బేస్‌మెంట్ అయ్యాకే వస్తుంది, అప్పటిదాకా చేతి డబ్బే పెట్టాలి. అలాంటి వాళ్ల పేరు మంజూరు పత్రంలోని గడువు దాటి రద్దు కాకముందే, సంఘం ద్వారా లోను ఇప్పించే దారి ఉందేమో చూడమని సభలోనే అడిగి, ఆ మాట తీర్మానంలో రాయించండి.

జవాబు చెప్పకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. తెల్ల కాగితం మీద తెలుగులో రాస్తే చాలు. పంచాయతీలో ఇస్తే ఫీజు లేదు, మండల ఆఫీసులో 5 రూపాయలు, జిల్లా ఆఫీసులో 10. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవాళ్లకు అదీ అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. "నా ఇంటి ఫొటోలు ఎక్కించిన తేదీలు, ఏఈ తనిఖీ చేసిన తేదీ, ప్రస్తుతం ఏ అధికారి వద్ద పెండింగ్‌లో ఉంది" అని ఈ మూడే అడగండి. ఎక్కువ అడిగితే జవాబు ఆలస్యమవుతుంది. దరఖాస్తు ఇచ్చినట్టు రసీదు మీద తారీఖు, సంతకం తీసుకోవడం మరిచిపోవద్దు. ఆ 30 రోజుల లెక్క దాని నుంచే మొదలవుతుంది.