వలిసె గింజ చూపిన జాడ

సిడ్నీలో తెలతెలవారుతోంది. మంచు తెర ఇంకా వీడని జంతుశాలలో, వెండిపూత పూసినట్టున్న యూకలిప్టస్ కొమ్మల పంగలో బూడిదరంగు ఉన్నిబంతి ఒకటి ముడుచుకుని ఉంది. తెల్లని కుచ్చులు కుట్టినట్టున్న గుండ్రని చెవులు, నల్లరాతిని నున్నగా చెక్కి అతికించినట్టున్న పెద్ద ముక్కు, బెరడులోకి దిగిన కొక్కేల్లాంటి గోళ్లు. కొవాలా! రోజుకు 18 గంటలకు పైగా నిద్రలోనే ఉంటుంది. మెలకువ వస్తే బద్ధకంగా చెయ్యి చాచి, ఘాటైన నూనె వాసన గుప్పుమనే ఆకును అందుకుంటుంది. వెంటనే తినదు. ముక్కుకు ఆనించి, కళ్లు అరమోడ్చి, తనివితీరా ఆఘ్రాణిస్తుంది. నచ్చితేనే నోటికి.

ఆ చెట్టునే ఆశ్రయించుకుని కంటికి ఆనని మరో ప్రాణి ఉంది. క్రిప్టోకాకస్ గాటీ అనే శిలీంధ్రం, పుట్టగొడుగులకు దూరపు చుట్టం. నల్లసిరా చుక్కలో కలిపి సూక్ష్మదర్శినిలో చూస్తే, అమావాస్య ఆకాశంలో గుడి కట్టిన చందమామలు గుంపులుగా తేలినట్టుంటుంది. ఒక్కో కణం చుట్టూ తేటగా మెరిసే జిగురు వలయం! ఇంత అందగత్తె ఊపిరితిత్తుల్లో వేళ్లూనితే మాత్రం కొవాలాకు ప్రాణగండమే. ముక్కు ఉబ్బుతుంది, శ్వాస బరువెక్కుతుంది, ఒక్కోసారి జబ్బు మెదడు దాకా పాకుతుంది. మనుషులకూ సోకుతుంది. దీని పుట్టిల్లు ఎక్కడ?

1990లో ఎల్లిస్, ఫైఫర్ అనే ఇద్దరు పరిశోధకులు దక్షిణ ఆస్ట్రేలియాలోని బరోసా లోయలో ఆ ఇంటి తలుపు తట్టారు. అక్కడ ఉండేవి యూకలిప్టస్ జాతికే చెందిన రివర్ రెడ్ గమ్ మహావృక్షాలు. బూడిద, తెలుపు, లేతగులాబి రంగులు కలగలిసిన బెరడు పాయలు పాయలుగా ఊడుతూ, మీగడరంగు కేసరాల పూలు కొమ్మకొమ్మనా నురగలా పొంగే చెట్లు. మనం జామాయిల్ అని పిలుచుకునే చెట్లలో వీటి సంతతీ ఉంది. ఆ చెట్ల కొయ్యలో, బెరడులో, కింద రాలిన ఆకుల మెత్తలో, చివరికి పూసిన చెట్టు చుట్టూ ఆవరించిన గాలిలో కూడా ఆ శిలీంధ్రం దొరికింది. ఒకటీ రెండూ కాదు, 35 సార్లు.

వేల రకాల బూజుల నడుమ దీన్ని పోల్చుకోవడం ఎలా? ఇక్కడే నా మనసు అరకు లోయకు ఎగిరిపోతుంది. చలికాలం మొదట్లో ఆ కొండవాలుల మీద పసుపు పారబోసినట్టు విరగబూసే వలిసె పూలు తెలుసు కదా! ఆ నల్లని సన్నగింజల రసంతో చేసిన పోషకం మీద పెరిగితే ఈ శిలీంధ్రం ముదురు గోధుమరంగుకు తిరుగుతుంది. తక్కిన బూజుల మధ్య బెల్లపు చుక్కల్లా బయటపడిపోతుంది. ఈ రంగు మహిమను 1962లో స్టైబ్ అనే జర్మన్ శాస్త్రవేత్త చెప్పాడు. పిట్టలకు మేతగా వేసే గింజలో దాగిన ఈ విద్యకు నేను ఎన్నిసార్లు ఆశ్చర్యపోయానో!

ఈ విద్య ఆసరాతోనే సిడ్నీ పరిశోధకులు కొవాలాల ముక్కుల్లో మెత్తగా దూదిపుల్ల తిప్పారు, గోళ్ల సందులు తుడిచారు, చుట్టూ ఉన్న చెట్లనూ గాలించారు. 2002లో వెలువడిన ఫలితాల్లో చెట్టు కథా, ముక్కు కథా ఒకటిగా కలిశాయి. పరిసరాల్లో శిలీంధ్రం దట్టంగా ఉన్నచోట ముక్కుల్లోనూ ఉంది. అంతకన్నా వింత, మన సంరక్షణలో బతికే కొవాలాలు తమకు తెలియకుండానే దాన్ని తమ చుట్టూ పెంచి పోషిస్తున్నాయట. అయితే తొలి బీజం, ఎంత కొద్దిగానైనా, పరిసరాల నుంచే రావాలి. దాన్ని ముక్కున మోస్తున్న వాటిలో చాలావరకు నిక్షేపంగా, జబ్బన్నది ఎరగకుండా కునుకు తీస్తుంటాయి.

జంతుశాలలో పొద్దు వాలుతోంది. బెరడు మీద రాగిరంగు వెలుగు జారుతోంది. తల్లి కొవాలా నిద్ర లేచి, గోళ్లు గుచ్చుతూ ఒక్కో జానా పైకి పాకి, ఒక లేత ఆకును ముక్కుకు దగ్గరగా తెచ్చుకుంది. దాని వీపును కరుచుకున్న బొమ్మలాంటి పిల్ల మెడ సాచి, అదే ఆకుకు తన చిట్టి నల్లముక్కు ఆనించింది.