వెంట తీసుకుపోగల వైద్యం

వేసవి మొదలవగానే భద్రాచలం మన్యంలో తునికాకు సేకరణ ప్రారంభమవుతుంది. తెల్లవారుజామునే అడవికి వెళ్ళిన స్త్రీలు వంగి ఆకు కోసి, మూటగట్టి, నెత్తిన పెట్టుకుని ఇల్లు చేరుతారు. ఆపై గంటల తరబడి కూర్చుని, యాభై ఆకులకు ఒక కట్ట చొప్పున కడతారు. ఖమ్మం వైపు మైదానంలో మిరప కోతలు, వరి నాట్లు కూడా నడుము వంచి చేసే పనులే. నడుము పట్టేసిందంటే ఆ రోజు కూలి పోయినట్లే.

ఇటువంటి నొప్పికి ఫిజియోథెరపీ చేయించుకోమని వైద్యులు చెబుతారు. అయితే చర్ల, దుమ్ముగూడెం మండలాల లోపలి గూడేల నుంచి రోజూ పట్టణానికి వచ్చి యంత్రం పెట్టించుకోవడం కూలి మనిషికి సాధ్యమా? ఒకసారి నేర్చుకుని ఇంటికి తీసుకుపోగల చికిత్స ఉండాలి. ఆ దిశగా జీవితమంతా కృషి చేసిన ఫిజియోథెరపిస్టు ఒకరున్నారు. ఆయన న్యూజిలాండ్‌కు చెందిన రాబిన్ మెకంజీ (1931-2013).

1956లో వెల్లింగ్టన్ నగరంలోని ఆయన చికిత్సాలయంలో ఒక చిన్న సంఘటన జరిగింది. నడుము నుంచి కాలిలోకి పాకే నొప్పితో వారాల తరబడి బాధపడుతున్న ఒక రోగిని ఆయన బల్లపై బోర్లా పడుకోమన్నారు. అంతకుముందు మరొకరి కోసం ఎత్తిన బల్ల తలభాగం అలాగే ఉంది. రోగి ఆ బల్లపైనే, నడుము వెనక్కి వంగిన స్థితిలో పడుకున్నాడు. కొద్ది నిమిషాల తర్వాత వచ్చి చూసిన మెకంజీ కంగారుపడ్డారు. రోగి మాత్రం కాలి నొప్పి తగ్గిందని, ఎన్నో రోజుల తర్వాత హాయిగా ఉందని చెప్పాడు.

మెకంజీ దానిని యాదృచ్ఛికమని కొట్టిపారేయలేదు. ఏ కదలికతో ఎవరికి నొప్పి తగ్గుతుందో ఏళ్ళ తరబడి పరిశీలించారు. కాలిలోని నొప్పి నడుము మధ్యకు మళ్ళితే అది మంచి సూచన అనీ, మరింత కిందికి దిగితే ఆ కదలికను ఆపాలనీ గుర్తించారు. కొందరికి వెనక్కి వంగడం మేలు చేస్తే, మరికొందరికి ముందుకు వంగడం మేలు చేస్తుంది. కనుక ముందు పరీక్ష, తర్వాతే వ్యాయామం. రోగి తన నడుమును తానే చూసుకోవాలన్న ఉద్దేశంతో 1980లో సామాన్యుల కోసం ఒక పుస్తకం కూడా రాశారు. ఆయన పద్ధతి అందరికీ పనిచేసే మంత్రమేమీ కాదు. కానీ రోగి చేతికి సాధనం అందించాలన్న ఆలోచన నిలిచింది. దీర్ఘకాలిక నడుము నొప్పిపై 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసిన మార్గదర్శకాలు సైతం అవగాహనకు, వ్యాయామానికి చోటిచ్చాయి. నడుము బెల్టులను, ట్రాక్షన్‌ను సాధారణ చికిత్సగా వాడవద్దన్నాయి.

మన ఇళ్ళకు ఇందులో పాఠముంది. నమాజులో నిలబడలేనివారు కూర్చుని చేసుకునే వెసులుబాటును ధర్మం ఇచ్చింది. అంతమాత్రాన చికిత్స మానుకోనక్కరలేదు. రుకూలో నొప్పి మొదలవుతోందా, సజ్దా నుంచి లేచేటప్పుడా అన్నది చెబితే, చికిత్స చేసేవారికి అది ఎంతో విలువైన సమాచారం. ఆకు కట్టలు కట్టేవారు, కుట్టుమిషను ముందు కూర్చునేవారు మధ్యమధ్య లేచి నాలుగడుగులు వేయాలి. బరువును ఒకేసారి మోయక రెండు మూటలుగా పంచుకోవాలి.

అయితే మూత్ర, మల విసర్జనలపై అదుపు తప్పినా, తొడల మధ్య స్పర్శ తగ్గినా, కాలు బలహీనపడినా, జ్వరంతో కూడిన నొప్పి వచ్చినా, కింద పడిన తర్వాత నొప్పి మొదలైనా వ్యాయామాలతో కాలయాపన చేయరాదు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

మిగిలిన సందర్భాల్లో అమ్మనో, నాన్ననో ఫిజియోథెరపిస్టు వద్దకు తీసుకువెళ్ళినప్పుడు ఒక్క మాట అడగండి: "ఇంటి దగ్గర ఏం చేయాలో, ఎప్పుడు ఆపాలో మాకు నేర్పుతారా?" దూరాభారం లెక్కచేయక వచ్చినవారికి ఆ జవాబే అన్నిటికన్నా విలువైన చికిత్స.